వేడి చాయ్‌కి విలవిల, చల్లనీళ్లకి హాయి: ఈ పన్ను సోమవారం దాకా ఆగేది కాదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మల్కాజిగిరిలో ఉంటాం. కుడివైపు కింది దవడ పన్నుకి ఏడాది కిందటే గుంట పడింది, పట్టించుకోలేదు. మూడు రోజులుగా ఒకటే పోటు. పగలు ఎలాగో గడుస్తోంది గానీ, పడుకుంటే చెవిదాకా లాగేస్తోంది. వేడి చాయ్ తగిలితే పావుగంట దాకా తగ్గదు. చల్లనీళ్లు పుక్కిట పడితే మాత్రం ఆ కాసేపు హాయిగా ఉంటోంది. వాపు లేదు, జ్వరం లేదు. డెంటిస్టు సోమవారం రమ్మన్నారు. నిన్న ఒక్కరోజే కాంబిఫ్లామ్ ఐదు, డోలో 650 నాలుగు వేసుకున్నాను. మా చెల్లి వాడగా మిగిలిన ఆగ్మెంటిన్ 625 మాత్రలు నాలుగున్నాయి, మొదలుపెట్టనా? అమ్మ వెల్లుల్లి దంచి పెట్టుకోమంటోంది, పక్కింటి పెద్దమ్మ కాపడం పెట్టమంటున్నారు. అమ్మకీ అప్పుడప్పుడూ పన్ను నొప్పి వస్తుంటుంది. ఆమెకి 61 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. నేను వేసుకునే మాత్రలే ఆమెకీ ఇవ్వచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు నిన్నటి మాత్రల లెక్క తేల్చుకుందాం. మీ ఉత్తరంలో పన్నుకన్నా ఎక్కువ కంగారు పెట్టింది అదే. ఒక్కో కాంబిఫ్లామ్ మాత్రలో ఇబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. డోలో 650 అంటే మొత్తం పారాసిటమాలే. రెండూ వేర్వేరు మందులనుకుని ఒకే మందుని రెండు పేర్లతో మింగారన్నమాట. ఐదు కాంబిఫ్లామ్‌లతో 1,625, నాలుగు డోలోలతో 2,600, కలిపి 4,225 మిల్లీగ్రాముల పారాసిటమాల్ లోపలికి వెళ్లింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజంతటికీ గరిష్ఠ హద్దు 4,000. డాక్టరు లేకుండా ఇంట్లో వాడుకునేటప్పుడు 3,000 దగ్గరే ఆగిపోవడం మంచిది. ఇబుప్రొఫెన్ కూడా 2,000 అయింది. సొంతంగా వాడేటప్పుడు దాని హద్దు 1,200.

ఒక్కరోజు ఈ మాత్రం దాటితే అందరికీ కాలేయం దెబ్బతింటుందని కాదు. కానీ మీ బరువు 55 కిలోలకి తక్కువైనా, రోజూ మద్యం తాగే అలవాటున్నా, ముందునుంచీ కాలేయం జబ్బున్నా, మొన్న కూడా ఇలాగే వేసుకుని ఉన్నా ఈరోజే ఆసుపత్రికి వెళ్లి ఈ లెక్క ఉన్నదున్నట్టు చెప్పండి. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటిరోజు పెద్దగా ఏమీ తెలియదు. వాంతులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కళ్లు పచ్చబడటం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడతాయి. అప్పటిదాకా చూస్తూ కూర్చుంటే విరుగుడు మందు బాగా పనిచేసే అదను దాటిపోతుంది.

అలాంటివేవీ లేకపోతే, నిన్నటి చివరి మాత్ర నుంచి 12 గంటలు గడిచాక ఈ పద్ధతిలోకి రండి. కాంబిఫ్లామ్ ఒకటి, డోలో 650 ఒకటి, రెండూ ఒకేసారి, ఏదైనా తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో. ఎనిమిది గంటలకోసారి, రోజుకి మూడుసార్లు, అంతే. అంటే ప్రతిసారీ ఇబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 975 పడతాయి. రోజు మొత్తం మీద 1,200, 2,925. రెండూ హద్దులోనే ఉంటాయి. ఈ రెండు మందుల జోడీ పన్ను నొప్పికి మామూలుగా వాడే మందులన్నిటిలో ముందువరసలోది. మీకు నిన్న పని చేయకపోవడానికి కారణం మందు తక్కువై కాదు, వేళ తప్పి. నొప్పి తారస్థాయికి చేరాక వేసుకుంటే మాత్ర అందుకోవడానికి ముప్పావుగంట, గంట పడుతుంది. ఆ లోపు ఆగలేక ఇంకోటి మింగేస్తారు. అందుకే నొప్పి ఉన్నా లేకపోయినా ఉదయం 7, మధ్యాహ్నం 3, రాత్రి 11 అని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. రెండు మూడు రోజులకి మించి ఇలా వాడొద్దు.

కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె బలహీనత ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, నొప్పి మాత్రలకి ఆయాసం ఎక్కువయ్యేవాళ్లు, గర్భిణులు కాంబిఫ్లామ్ జోలికి పోకూడదు. వాళ్లకి ఒట్టి పారాసిటమాలే. వానాకాలంలో మన ఊళ్లో ఇంకో తిరకాసుంది: పన్ను నొప్పితో పాటు జ్వరం, ఒళ్లునొప్పులు కూడా మొదలైతే, డెంగీ కాదని తేలేదాకా ఇబుప్రొఫెన్ ముట్టుకోవద్దు. రక్తస్రావం ముప్పు పెంచుతుంది.

మెడికల్ షాపులో ‘పన్ను నొప్పి’ అని చెబితే చేతిలో పెట్టే కెటొరాల్ డీటీ, జెరొడాల్ పీ కూడా ఇబుప్రొఫెన్ జాతివే. పేరు వేరు, కడుపు మీద, కిడ్నీ మీద పడే బరువు అదే. ఆ రెంటిలో ఏదీ కాంబిఫ్లామ్‌తో కలపకూడదు. పైగా జెరొడాల్ పీలో పారాసిటమాల్ మరో 325 ఉంటుంది. ‘డోసు కట్టి ఇవ్వు’ అని అడిగి తెచ్చుకునే పేరులేని పొట్లాం అసలే వద్దు. అందులో ఒక్కోసారి స్టెరాయిడ్ మాత్ర కూడా ఉంటుంది. నొప్పి మాయమైనట్టే ఉంటుంది గానీ, షుగరున్నవాళ్లకి షుగరు ఎగబాకుతుంది, చీము ఉంటే లోలోపల పాకుతుంది.

ఇక పన్ను సంగతి. మీరు రాసిన లక్షణాల్లో అసలు విషయం చాయ్, చల్లనీళ్ల దగ్గరే ఉంది. మామూలు పిప్పిపన్ను చల్లటిది తగిలితే జివ్వుమని, తీసేయగానే రెండు మూడు సెకన్లలో సర్దుకుంటుంది. ఆ దశలో ఫిల్లింగ్‌తో సరిపోతుంది. వేడికి రేగి పావుగంట నిలిచే నొప్పి, ఏమీ తగలకపోయినా రాత్రిళ్లు తనంతట తనే లేచే పోటు, చల్లనీళ్లతో మాత్రమే ఉపశమనం – ఈ మూడూ కలిశాయంటే పంటి లోపలి నరం తిరిగి కోలుకోలేనంతగా వాచిందని గట్టిగా అనుమానించాలి. వేలికి దెబ్బ తగిలితే వేలు ఉబ్బుతుంది, ఒత్తిడి సర్దుకుంటుంది. పంటిలో నరం ఉండేది చుట్టూ గట్టి గోడలున్న ఇరుకు గదిలో, ఉబ్బడానికి చోటే లేదు. వేడి తగిలితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనానికి తగ్గుతుంది. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువ చేరి ఆ ఇరుకులో ఇంకాస్త తోస్తుంది. రాత్రయితే పోటు ఎక్కువ కావడానికి అదీ కారణం, మీ భ్రమ కాదు.

ఇలాంటి పన్ను ఇంటి వైద్యంతో బాగుపడదు. ఇంట్లో చేసేదంతా ఒకటి రెండు రాత్రులు గట్టెక్కడానికే. కాబట్టి మాత్ర వేసుకున్నాక కాస్త తేలికపడే ఆ కొన్ని గంటల్లో చేయాల్సిన మొదటి పని ఫోన్ పట్టుకోవడం. సోమవారం అపాయింట్‌మెంట్ ఇచ్చిన క్లినిక్‌కే మళ్లీ చేయండి. ‘పన్ను నొప్పిగా ఉంది’ అంటే రిసెప్షన్‌లో వాళ్లకి అది వందలో ఒక ఫోన్. ఇలా చెప్పండి: ‘మూడు రాత్రులుగా నిద్ర లేదు, వేడి తగిలితే పావుగంట నొప్పి, చల్లనీళ్లకి తగ్గుతోంది, మాత్రలకి ఆగట్లేదు. ఈరోజు పన్ను ఓపెన్ చేసి వదిలినా చాలు.’ ఆ చివరి మాట ముఖ్యం. రూట్ కెనాల్ పూర్తిగా చేయడానికి గంటకి పైగా సమయం కావాలి, అందుకే సోమవారం అన్నారు. మత్తు ఇచ్చి పన్ను తెరిచి, వాచిన నరాన్ని కొంతో మొత్తమో తీసి, తాత్కాలికంగా మూసి పంపడానికి అంత సమయం పట్టదు. చాలామందికి ఆ రాత్రే నిద్ర పడుతుంది. వాళ్లకి కుదరకపోతే శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున తెరిచి ఉండే క్లినిక్‌లు మీ చుట్టుపక్కల వెతకండి. ఖర్చు కోసం వెనకాడుతుంటే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఓపీ పనిదినాల్లో పొద్దున్నే, రద్దీ ఎక్కువ, తెరిచేసరికే అక్కడ ఉండేలా బయల్దేరండి.

సరే, ఈ రాత్రికి. ముందు పళ్ల సందులు శుభ్రం చేయండి. నొప్పిగా ఉందని చాలామంది ఆ వైపు తోమడం మానేస్తారు. దాంతో ఇరుక్కున్న అన్నం, మాంసం పీచు అక్కడే కుళ్లి చిగురు కూడా వాస్తుంది, నొప్పి రెండింతలవుతుంది. మెత్తటి బ్రష్‌తో తోమి, ఆ పంటికి అటూ ఇటూ డెంటల్ ఫ్లాస్ నెమ్మదిగా దింపి పైకి తీయండి. పిన్నీసు, అగ్గిపుల్ల, చీపురుపుల్ల వద్దు. చిగురులో గుచ్చుకుని విరిగితే అదింకో గొడవ. తర్వాత గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అరచెంచా ఉప్పు కరిగించి, అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయండి. మీకు వేడి పడదు కాబట్టి నీళ్లు గోరువెచ్చన కూడా దాటకూడదు, మామూలు నీళ్లయినా ఫర్వాలేదు. రోజుకి మూడు నాలుగుసార్లు చాలు. ఉప్పునీళ్లు చిగురుకి మేలు చేస్తాయి, పంటి లోపలి నరం దాకా పోవు. అందుకే దీనితో పోటు తగ్గలేదని నిరాశపడొద్దు.

లవంగ నూనె పనిచేస్తుంది. అందులోని యూజినాల్‌కి నరాన్ని మొద్దుబార్చే గుణం ఉంది, డెంటల్ క్లినిక్‌లో వచ్చే ఆ వాసన చాలావరకు దానిదే. అయితే వాడే తీరు తప్పితే కాలుస్తుంది. ఒక చుక్క లవంగ నూనెలో ఒకటి రెండు చుక్కలు కొబ్బరి నూనె కలపండి. పెసరగింజంత దూదిని అందులో ముంచి, కాగితం మీద ఒత్తి కారేదంతా తీసేయండి. పంటి గుంటని పొడి దూదితో అద్ది, అద్దంలో చూస్తూ ట్వీజర్‌తో ఆ దూదిని గుంటలోనే పెట్టండి. చిగురుకి, నాలుకకి తగలకూడదు. పది పదిహేను నిమిషాల తర్వాత తీసేయండి. రోజుకి మూడుసార్లకి మించొద్దు. గంట, రెండు గంటలు తెరిపి ఇస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. నూనె లేకపోతే ఒక లవంగం నీళ్లలో నానబెట్టి ఆ పంటి మీద పెట్టుకుని మెల్లగా అదిమి ఉంచండి, నమలొద్దు. గుంట కనబడని పంటికి, క్యాప్ వేసిన పంటికి ఈ వైద్యం దండగ, నూనె లోపలికి పోయే దారే ఉండదు. సీసా పిల్లలకి అందకుండా పెట్టండి. చిన్నపిల్లలు రెండు చెంచాలు తాగినా ప్రాణం మీదికి వస్తుంది. వాడినట్టు డెంటిస్టుకి తప్పకుండా చెప్పండి: లవంగ నూనె తడి మిగిలి ఉంటే పంటి రంగు ఫిల్లింగ్ సరిగ్గా గట్టిపడదు.

అమ్మగారి వెల్లుల్లి మాత్రం వద్దని మర్యాదగానే చెప్పండి. దంచిన వెల్లుల్లి ఘాటు పంటి నరాన్ని చేరేలోపు బుగ్గనీ, చిగురునీ తెల్లగా కాల్చేస్తుంది. మర్నాడు పన్ను నొప్పి, పుండు మంట రెండూ ఉంటాయి. డిస్ప్రిన్ మాత్ర పంటి పక్కన అదిమి పెట్టడం కూడా ఇదే బాపతు: మాత్ర కడుపులోకి పోతేనే పని, చిగురు మీద అది ఆమ్లం. జిల్లేడు పాలు పోయమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నోరు బొబ్బలెక్కుతుంది, ఆ చేయి కంటికి తగిలితే చూపుకే ముప్పు. విస్కీ పుక్కిట పట్టి మింగే చిట్కా పారాసిటమాల్ మీద ఉన్న మనిషికి, అదీ నిన్న 4 గ్రాములు దాటిన మనిషికి, అస్సలు తగదు.

కాపడం విషయంలో పెద్దమ్మగారిది మంచి మనసే గానీ సలహా తలకిందులైంది. వేడికి మీ పన్ను ఎలా రేగుతుందో మీరే రాశారు. పైగా వేరు దగ్గర చీము పట్టి ఉంటే, బయట నుంచి పెట్టే వేడికి వాపు పెరుగుతుంది, చీము చర్మం వైపు తిరగొచ్చు కూడా. ఐస్ ముక్కలు రుమాల్లో చుట్టి బుగ్గ మీద పదిహేను నిమిషాలు పెట్టి, పావుగంట తీసి, మళ్లీ పెట్టండి. ఐస్ నేరుగా చర్మానికి తగలనివ్వొద్దు. చల్లనీళ్లు పుక్కిట పట్టడం మానక్కర్లేదు, హాని లేదు. పడుకునేటప్పుడు రెండు దిళ్లు వేసుకుని తల, ఛాతీ ఎత్తులో ఉంచండి. రాత్రికి పెరుగన్నం, చల్లారిన ఇడ్లీ లాంటివి ఎడమవైపు నమిలి తినండి. ఈ రెండు రోజులు చాయ్ మానేస్తే ప్రాణం పోదు, తాగితే మాత్రం పోయినంత పనవుతుందని మీకే తెలుసు.

ఆగ్మెంటిన్ వద్దు. యాంటీబయాటిక్ నొప్పి మాత్ర కాదు. మీ దశలో ఉన్నది నరం వాపు. దానికి యాంటీబయాటిక్ వాడినా నొప్పి తగ్గదు. నరం చచ్చిపోయాక చూద్దామన్నా, మందు వెళ్లాల్సింది రక్తంలోంచే, చచ్చిన నరంలో రక్తం పారదు. కుళ్లు పంటి లోపల, మందు పంటి బయట. ముఖం వాచినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు మాత్రం డాక్టరు రాస్తారు, అదీ పంటికి చేయాల్సిన పని చేస్తూనే. నాలుగు మాత్రలతో ఒక కోర్సు కూడా కాదు. మీకు మిగిలేది విరేచనాలు, ఆ మందుకి మొండికేసిన క్రిములు.

ఒక సంగతికి సిద్ధంగా ఉండండి. రేపో ఎల్లుండో నొప్పి ఉన్నట్టుండి చేత్తో తీసేసినట్టు పోవచ్చు. లవంగం పనిచేసిందనో, మాత్ర పనిచేసిందనో అనుకుని సోమవారం అపాయింట్‌మెంట్ మానేసేది సరిగ్గా అప్పుడే. చాలాసార్లు దాని అర్థం నరం చచ్చిపోయిందని. కొన్ని రోజులకో, వారాలకో కుళ్లు వేరు కొసనుంచి ఎముకలోకి దిగుతుంది. ఈసారి చల్లనీళ్లకి తగ్గదు, పన్ను ఎత్తుగా అయినట్టు, కింద పైన పళ్లు కలిస్తే నొప్పిగా ఉంటుంది. నొప్పి పోయినా వెళ్లండి.

కింది విషయాల్లో ఏది కనబడ్డా డెంటల్ క్లినిక్ కోసం వెతకొద్దు, అర్ధరాత్రయినా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకే. దవడ కింద, మెడవైపు గానీ కంటివైపు గానీ పాకే వాపు. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోవడం. గుటక పడకపోవడం, లాలాజలం మింగలేక కారడం. నాలుక కింద గట్టిపడి నాలుక పైకి లేచినట్టు ఉండటం, గొంతు మారడం, ఊపిరి ఆడకపోవడం. కింది దవడ పళ్ల చీము గొంతు చుట్టూ చేరితే ఊపిరిదారి గంటల్లో మూసుకుపోగలదు. మీకు గాంధీ ఆసుపత్రి దగ్గర, ఆయాసం ఉంటే బండి మీద పోకుండా 108కి చేయండి. పంటికి సంబంధం లేకుండా దవడ లాగుతూ, ఛాతీ బరువు, చెమటలు పడితే అది గుండె కావచ్చు, అప్పుడూ 108కే.

క్లినిక్‌కి వెళ్లే రోజు తిని వెళ్లండి, ఏ మాత్ర ఏ వేళకి వేసుకున్నారో కాగితం మీద రాసుకెళ్లండి. వెళ్లడానికి గంట ముందు మీ వేళ ప్రకారం కాంబిఫ్లామ్ పడేలా చూసుకుంటే మంచిది. ఇంతగా వాచిన కింది దవడ పంటికి మత్తు సూది ఒక్కోసారి సరిగ్గా పట్టదు, ముందే ఇబుప్రొఫెన్ పడి ఉంటే పట్టే అవకాశం పెరుగుతుంది. పన్ను తీయాల్సి వస్తుందేమో, తీస్తే చూపు తగ్గుతుందేమో అని ఇంట్లో ఎవరైనా అంటే, పంటి నరానికీ కంటి చూపు నరానికీ సంబంధం లేదని చెప్పండి. పై పళ్ల చీము వదిలేస్తే కంటి చుట్టూ వాపు రావడం నిజం, తీయడం వల్ల కాదు.

అమ్మగారికి మీ కాంబిఫ్లామ్ ఇవ్వొద్దు. బీపీ మాత్రల మీద, ముఖ్యంగా టెల్మిసార్టాన్ లాంటివి, నీరు తీసే మాత్రలు వాడేవాళ్ల మీద ఇబుప్రొఫెన్ పడితే బీపీ పెరుగుతుంది, కిడ్నీలకి దెబ్బ. కెటొరాల్, జెరొడాల్ కూడా అంతే. ఆమెకి డోలో 650 ఒక్కటే, ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగు మించకుండా. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడుతుంటే పన్ను తీయిస్తారేమోనని సొంతంగా ఆపొద్దు, ఆపాలా వద్దా అన్నది ఆమె గుండె డాక్టరు చెప్పాలి. నొప్పి వచ్చినప్పుడు పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి షుగరు చూడండి. ఎప్పటికన్నా ఎక్కువ చూపిస్తే ఆ పంటి దగ్గర ఇన్ఫెక్షన్ ఉందేమో అనుమానించి, మీతో పాటే క్లినిక్‌కి తీసుకెళ్లండి.